క్వింటాల్ నీళ్ళు

మా ఇంట్లో క్వాంటం అన్న మాటను మొదటిసారి పైకి పలికింది నేను కాదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

పలికింది మా చిన్నాయన. నాయనకు దాయాది తమ్ముడు, ప్రొద్దుటూరు మనిషి. మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఆయన సంచిలో ఏదో ఒక కొత్త సరుకు ఉంటుంది. ఒకసారి కీళ్ళనొప్పుల నూనె, ఒకసారి కరెంటు ఆదా చేసే డబ్బా, ఇంకోసారి దోమలు రాని బల్బు. పోయిన ఎండాకాలం ఒక ఉక్కు కడ్డీ తెచ్చాడు. జానెడు పొడవు ఉంది. ఊపితే లోపల ఏవో గుళికలు గలగలమన్నాయి. భోజనాల దగ్గర దాన్ని నీళ్ళ చెంబులో ముంచి గుండ్రంగా తిప్పుతూ అమ్మతో అన్నాడు.

"ఇది క్వాంటం కడ్డీ వదినా. దీన్ని తిప్పితే మామూలు నీళ్ళు క్వాంటం నీళ్ళయితాయి."

గోడకు ఆనుకొని వక్కలు కత్తిరిస్తున్న మా అవ్వ తలెత్తింది. "ఎన్ని క్వింటాళ్ళు?"

"క్వింటాల్ కాదు పెద్దమ్మా. క్వాంటం."

"అదేలే. చెంబెడు నీళ్ళు క్వింటాల్ యాడయితాయిరా?"

ఆదోనిలో పుట్టి పెరిగిన చెవి అట్లాగే వింటుంది. మా ఊళ్ళో పత్తి అయినా, వేరుశనగ అయినా క్వింటాళ్ళలోనే మాట్లాడుకుంటారు. మార్కెట్ యార్డుకు బండ్లు వెళ్ళే వీధిలోనే మా ఇల్లు. చెల్లెలు పొలమారేదాకా నవ్వింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అవి క్వింటాల్ నీళ్ళే. నాకూ నవ్వొచ్చింది. క్వాంటం అంటే ఇంక విడదీయడానికి వీల్లేనంత చిన్న మోతాదు. దాన్ని అవ్వ నూరు కిలోలు చేసి కూర్చోబెట్టింది. ఆ తప్పులో ఉన్న తమాషా చెబుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. ఇంట్లో నేను మాట్లాడితే అందరూ చేసే పని ఆపి చూస్తారు, అంత అరుదు మరి. ఆ చూపులు నాకు పడవు.

చిన్నాయన తర్వాత అన్న మాటకు మాత్రం నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మన ఒంట్లో ప్రోటీన్లుంటాయి గదా వదినా. అవన్నీ మడతలు పెట్టినట్ల ఉంటాయి. మడత చెడితే జబ్బు. ఈ నీళ్ళు తాగితే క్వాంటం శక్తి లోపలికి పోయి ఆ మడతను సరిచేస్తాది. షుగరూ గిగరూ ఏదీ నిలబడదు."

అంటూ చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు నవ్వడం ఆపేసింది.

చెల్లెలికి చక్కెర జబ్బు. పెద్దవాళ్ళకు వచ్చేది కాదు, పిల్లలకు వచ్చేది. ఐదో తరగతిలో ఉండగా ఉన్నట్టుండి చిక్కిపోయింది. బిందెలకు బిందెలు నీళ్ళు తాగింది. ఒకరోజు బడిలో పడిపోయింది. ఒళ్ళు పొరపాటుపడి, ఇన్సులిన్ తయారుచేసే తన కణాలను తానే చంపేసుకునే జబ్బు ఇది. ఒకసారి పోయిన ఆ కణాలు తిరిగి రావు. ఇన్సులిన్ బయటి నుంచి ఇవ్వాలి, ప్రతిరోజూ, అన్నానికి ముందు, బతికినన్నాళ్ళూ. ఇప్పుడది ఇంటర్ చదువుతోంది. పొట్ట మీద, తొడల మీద చిన్న చిన్న మచ్చలు. వాటిని చుక్కల ముగ్గు అంటుంది అదే.

మా ఇంట్లో ఇన్సులిన్ అన్న మాట అనరు. చల్లమందు అంటారు. ఫ్రిజ్‌లో ఉంటుంది కాబట్టి అమ్మ పెట్టిన పేరు అది. అసలు కారణం వేరే. ఎవరైనా వింటే అర్థం కాకూడదు. ఆడపిల్లకు ఫలానా జబ్బని ఊళ్ళో తెలిస్తే రేపు ఎట్లా అని అమ్మ భయం. మాది చీరల కొట్టు. సెలవుల్లో చెల్లెలు కొట్లోనే ఉంటుంది. అన్నం వేళ కాగానే వెనక గోడౌన్‌లోకి వెళ్ళి, చీరల మూటల మధ్య నిలబడి పొడుచుకొని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంటుంది. కరెంటు గంటల తరబడి పోయే రోజుల్లో ఆ సీసాను కాపాడే పని నాది. ఇసుక తడిపి, అందులో చిన్న మట్టికుండ పెట్టి, దాంట్లో ఉంచుతాను. ఎందుకంత జాగ్రత్త అని అమ్మ అడిగితే చెడిపోతుందని మాత్రమే చెప్పేదాన్ని. ఇన్సులిన్ కూడా ఒక ప్రోటీన్ అనీ, మా ఊరి ఎండకు దాని మడత విడిపోయి ముద్దకడుతుందనీ, అప్పుడది ఎంత ఎక్కించినా పనిచేయదనీ వివరించే ధైర్యం నాకు లేకపోయింది.

అంటే మడత అన్న మాట మా ఇంట్లోకి రావలసింది ఆ మట్టికుండ దగ్గరి నుంచి. వచ్చింది చిన్నాయన కడ్డీ నుంచి. నా కోపంలో సగం అదే.

నేను కడపలో బయోకెమిస్ట్రీ చదివాను. ఆ చదువు ఎంచుకోవడానికి కారణం చెల్లెలి జబ్బే అని ఎవరితోనూ చెప్పలేదు. అందరూ సీటు రాక తీసుకుందనుకున్నారు. హాస్టల్ పిల్లలు గండికోట చూడ్డానికి బస్సు మాట్లాడుకున్న ఆదివారాలు నేను లైబ్రరీలో ఉండేదాన్ని. అక్కడ కింది అరలో, ఎవరూ తీసిన గుర్తులు లేని ఒక పుస్తకంలో ప్రోటీన్ల మడత గురించి మొదటిసారి చదివాను.

ప్రోటీన్ మొదట పొడవాటి గొలుసులా తయారవుతుంది. అట్లా ఉన్నంతసేపు దానితో పని జరగదు. అది తన రూపంలోకి ముడుచుకోవాలి. ముడుచుకోవడానికి లెక్కలేనన్ని పద్ధతులున్నాయి. పనికొచ్చేది దాదాపు ఒక్కటే. ఒక్కొక్కటే ప్రయత్నిస్తూ పోతే ఈ విశ్వం వయసు కూడా చాలదు. అయినా చిన్న ప్రోటీన్లు రెప్పపాటు కంటే ముందే ఆ రూపంలోకి వచ్చేస్తాయి. అది చదవగానే నాకు మా నాయన గుర్తొచ్చాడు. కొట్లో ఆయన పట్టుచీర విప్పి, కొంగు చూపించి, అంచు చూపించి, వాళ్ళు వద్దంటే మళ్ళీ మడిచేస్తాడు. మాట్లాడుతూనే, చీర వైపు చూడకుండానే. నేను మడిస్తే అంచుకు అంచు కలవదు. చీరను తప్పుగా మడవడానికి దారులు ఎన్నో. కానీ ప్రోటీన్‌కు మా నాయనలాంటి చేతులు లేవు. ఆ దారి ఎట్లా దొరుకుతుందన్న ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆ పుస్తకంలోనే చివరి అధ్యాయం క్వాంటం మీద. గోడ ఎక్కేంత శక్తి లేకపోయినా అతి సూక్ష్మమైన కణం గోడకు అవతల తేలగలదట. మన ఒంట్లో కొన్ని ఎంజైములు పనిచేసేటప్పుడు ఇట్లాంటిది జరుగుతుందనడానికి మంచి ఆధారాలున్నాయి. వలసపక్షులు దారి కనుక్కోవడంలో ఇట్లాంటిదే ఏదో ఉందని అనుమానం, ఇంకా తేలలేదు. ఆకులు ఎండను పట్టుకోవడంలో ఉందని మొదట గట్టిగా అని, తర్వాత గొంతు తగ్గించుకున్నారు. ప్రోటీన్ మడతలో ఉందా అంటే, కొందరు ఉండొచ్చన్నారు, ఎక్కువమంది దాని అవసరం లేకుండానే వివరించవచ్చన్నారు. ఆ అధ్యాయమంతా ఉండొచ్చు, కావచ్చు, తెలియదు అనే మాటలతో నిండి ఉంది. నాకు నచ్చింది అదే. అంత పెద్దవాళ్ళు అంత వినయంగా తెలియదు అనడం నేను అంతకుముందు ఎక్కడా వినలేదు. మా ఇంట్లో, వీధిలో, తరగతిలో అందరికీ అన్నీ తెలుసు.

సెమినార్‌కు అదే అంశం రాసిచ్చాను. మా సార్ చదివి, కళ్ళజోడు పైకి తోసుకొని, "క్వాంటమా? మనకెందుకమ్మా ఇది? పాలలో కల్తీ మీద చెయ్. మార్కులొస్తాయి" అన్నారు. వెనక బెంచీలో ఎవరో "పాపకు మార్కులు తక్కువైనా క్వాంటం శక్తి ఎక్కువ సార్" అన్నారు. అందరూ నవ్వారు. నేను పాలలో కల్తీ మీద చేశాను. నీళ్ళు, పిండి, యూరియా ఎట్లా పట్టుకోవాలో చూపించాను. మంచి మార్కులే వచ్చాయి. మాటలో కల్తీని పట్టుకునే పరీక్ష సిలబస్‌లో లేదు.

చిన్నాయన వచ్చిన వారంలోనే మా ఊరి ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టారు. ఆయన అందరినీ తీసుకెళ్ళాడు. కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి నగరం నుంచి వచ్చాడు. తెర మీద మొదటి బొమ్మ పడగానే నేను గుర్తుపట్టాను. రిబ్బన్‌లా చుట్టుకున్న ప్రోటీన్ బొమ్మ. నేను కడపలో పెన్సిలుతో గీసుకొని పుస్తకాల మధ్య దాచుకున్న బొమ్మలాంటిదే. నా లోపలి గదిలోకి ఎవరో చెప్పులతో నడిచి వచ్చినట్టు అనిపించింది.

ఆయన చెప్పిన మొదటి సగంలో పెద్ద తప్పులేమీ లేవు. పక్షుల గురించి చెప్పాడు, ఆకుల గురించి చెప్పాడు, గోడకు అవతల తేలే కణం గురించి కూడా చెప్పాడు. ఉండొచ్చు అన్నవన్నీ తీసేసి చెప్పాడు, అంతే. తర్వాత చేయి పైకెత్తి, "కాబట్టి ఈ కడ్డీ" అన్నాడు. నేను ఆ కాబట్టి దగ్గరే ఆగిపోయాను. ముందున్నది సైన్సు, తర్వాతున్నది సరుకు, మధ్యలో వంతెనలా ఆ ఒక్క మాట. దాని కింద ఏమీ లేదు. హాలంతా దాని మీద నడిచి అవతలికి వెళ్ళిపోయింది.

ప్రశ్నలు అడగమన్నారు. మైకు వరుసలో చేతులు మారుతూ నా ఒళ్ళో పడింది. ఎట్లా లేచానో నాకే తెలియదు. "ఈ కడ్డీ తిప్పినాక నీళ్ళలో ఏం మారుతుంది సార్? దాన్ని ఎట్లా కొలిచారు?" అన్నాను. నా గొంతు మైకులో కూడా చిన్నగానే వినిపించింది.

ఆయన ఆప్యాయంగా నవ్వాడు. "పాప చదువుకున్నట్టుంది. తల్లీ, మీ అమ్మ ప్రేమను ఏ మీటరుతో కొలిచావు?"

హాలు చప్పట్లతో ఊగింది. ముందు వరుసలో ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. అమ్మ నా చేయి పట్టి కూర్చోబెట్టింది. చిన్నాయన నా వైపు వంగి, "ఏమ్మే, పెద్దోళ్ళ ముందర నీకు ఎకసెక్కాలా?" అన్నాడు. ఇప్పటికీ ఆ ప్రశ్నకు జవాబులు నా మనసులో వస్తూనే ఉంటాయి. అమ్మ ప్రేమను నేను చెంబులో ముంచి అమ్మలేదు సార్, అని.

ఇంటికొచ్చాక అసలు సంగతి మొదలైంది. కడ్డీ వాడేవాళ్ళు సూదులు మానేయొచ్చని చిన్నాయన వాదన. వద్దే వద్దని నేను. ఇంట్లో అంతసేపు మాట్లాడటం నాకదే మొదలు. నాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన రోజంతా చేసే పని ఒకటే. కొనేవాళ్ళు ఒక ధర అంటారు, ఆయన ఒక ధర అంటాడు, చివరికి మధ్యలో ఎక్కడో బేరం తెగుతుంది. ఇద్దరూ నవ్వుతూ విడిపోతారు. మా నాయనకు న్యాయం అంటే అదే.

"నువ్వేమో పూర్తిగా ఎయ్యాలంటావు. వాడేమో వద్దే వద్దంటాడు. నడిమధ్యన తెంపుదాం. సగం ఎయ్యండి" అన్నాడు.

"అది బేరం కాదు నాయనా."

"ఊరకుండు. ఆపమనలేదు గదా. సగం ఏస్తాండాం గదా."

"సరిగ్గా చెప్పినావన్నా" అన్నాడు చిన్నాయన. "మడత మెల్లగా పడాల. తొందరపడితే నలుగుతాది."

నేను చెల్లెలి వైపు చూశాను. అది నా పక్షాన మాట్లాడుతుందనుకున్నాను. అది గోళ్ళు చూసుకుంటూ, "నాకు విసుగొచ్చిందక్కా. ఒకసారి చూద్దాం. నువ్వు పొడుచుకుంటాండావా ఏమి?" అంది. కోటు మనిషి మీద నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది ఆ క్షణంలోనే. ఆయన అమ్మింది కడ్డీ కాదు. ఒక ఆడపిల్లకు సూది లేని రోజును అమ్మాడు. అది ఆశపడదా?

సగం మందుతో రోజులు నడిచాయి. చెల్లెలికి దాహం మొదలైంది. సూది మందు చాలనప్పుడు రక్తంలో చక్కెర పెరిగి, ఒళ్ళు దాన్ని కడిగేయాలని నీళ్ళు అడుగుతుంది. ఐదో తరగతిలో చూసిన దాహమే. నేను చెబుతూనే ఉన్నాను. ఎండలు కదా అంది అమ్మ. చిన్నాయన మాత్రం ఊరికి పోకుండా మా కొట్లో ఒక మూల స్టూలు మీద ఇత్తడి బిందె పెట్టుకొని కూర్చొని, చీరలకు వచ్చినవాళ్ళకు చెల్లెల్ని చూపించేవాడు. "చూడండమ్మా, మా పాప ఎంత ఆశగా తాగుతాందో. ఒంటికి పడతాంటేనే గదా తాగేది." నా చెల్లెలి దాహం ఆయనకు ప్రకటన అయింది.

ఆ మధ్యాహ్నం క్యారియర్, తడిగుడ్డలో చుట్టిన చల్లమందు తీసుకొని కొట్టుకు వెళ్ళాను. కౌతాళం వైపు పల్లె నుంచి పెళ్ళి చీరలకు వచ్చిన ఆడవాళ్ళు నలుగురైదుగురు పరుపు మీద కూర్చొని ఉన్నారు. నాయన వాళ్ళ ముందు చీరలు పరుస్తున్నాడు. చెల్లెలు మూలన మూట మీద తల పెట్టి పడుకొని ఉంది. ఊపిరి ఎగపోస్తోంది. దగ్గరికి వంగితే నోటి నుంచి మగ్గిపోయిన పండు వాసన. రక్తం విషమవుతున్నదనడానికి గుర్తు ఆ వాసన.

"పొద్దున్నుంచి రెండు మూడుసార్లు కక్కుకున్నాది" అన్నాడు చిన్నాయన, అదేదో శుభవార్త అయినట్టు. "లోపలి చెడంతా పోతాంది. మడత పడేముందు ఇట్లనే ఉంటాది."

రక్తంలో చక్కెర కొలిచే మీటరు దాని సంచిలోనే ఉంది. వేలు పొడిచి చుక్క పెట్టాను. అంకె రాలేదు. హెచ్, ఐ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. చెల్లెలు కళ్ళు సగం తెరిచి చూసి, పెదవులు తడుపుకుంటూ, "హాయ్ అంటాంది చూడక్కా. పలకరిస్తాండాది" అంది.

చిన్నాయన తొంగి చూశాడు. "చూసినారా? మిషనే మంచి మాట చెప్తాండాది."

అది పలకరింపు కాదు, హై అని. మీటరు కొలవగలిగిన హద్దు దాటిపోయింది, ఇక నా వల్ల కాదని దానర్థం.

అప్పుడు నేను మాట్లాడాను. కొట్టు నిండా మనుషులు. అందరూ పని ఆపి చూశారు. ఆ చూపులు ఆ రోజు నాకు తెలియలేదు.

"మడత పడడానికి దాని ఒంట్లో ఏముండాది చిన్నాయనా?" అన్నాను. ఆయన ఏదో అనబోయాడు. నేను నాయన వైపు తిరిగాను. "నాయనా, దీనికి మడత చెడిపోలేదు. చీరే లేదు. నేసే మగ్గాలే కాలిపోయినాయి, ఐదో తరగతిలోనే. ఇది దినామూ పొడుచుకునేది బయటి నుంచి తెచ్చిన సరుకు. ఎవరో నేసి, మడిచి పంపించిన సరుకు. దాన్ని నువ్వు సగం చేసినావు. సరుకే లేని కొట్లో కూచొని మడత పెడతాండానని ఈయన చెప్తాంటే, ఇన్నేండ్లు చీరలమ్మినోడివి, నువ్వెట్ల నమ్మినావు?"

నాయన చేతిలో ఒక చీర సగం మడతలో ఉంది. ఆయన చేతులు మడత మధ్యలో ఆగడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చీర వైపు చూశాడు, తర్వాత చెల్లెలి వైపు చూశాడు.

"సరుకే లేదా?" అన్నాడు.

"లేదు నాయనా."

"మరి ఇన్ని దినాలు చెప్పలేదేమి?"

చెప్పానని అనలేదు. నేను చెప్పింది ఇన్సులిన్, కణాలు, డోసు అని. ఆయనకు తెలిసిన మాటల్లో చెప్పింది చిన్నాయనే.

పరుపు మీద కూర్చున్న ఒక పెద్దామె లేచి, పరిచిన చీరలను అడ్డం లేకుండా పక్కకు లాగింది. "ముందు పాపను ఎత్తుకోప్పా. చీరలు యాడికీ పోవు" అంది. నాయన చెల్లెల్ని చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకొని రోడ్డు మీదికి నడిచాడు. కొట్టు తెరిచింది తెరిచినట్టే ఉంది. చెప్పులు వేసుకోలేదని ఆటో ఎక్కాక గానీ ఆయనకు తెలియలేదు.

నర్సింగ్ హోములో సెలైన్ పెట్టి, ఇన్సులిన్ ఎక్కించారు. డాక్టరమ్మ నాయనను నిలబెట్టి తిట్టింది. "ఇంకొంచెం ఆలస్యమైతే ఏం చేసేవాళ్ళు? సగం వేయమని మీకెవరు చెప్పారు?" నాయన చిన్నాయన పేరు చెప్పలేదు. "నేనే తెంపినానమ్మా" అన్నాడు. మర్నాటికి చెల్లెలు లేచి కూర్చొని, ఇడ్లీ బాగాలేదని పేచీ పెట్టింది. ఆ పేచీ విని అమ్మ ఏడ్చింది.

సాయంత్రం చిన్నాయన వచ్చాడు, సంచి నిండా ద్రాక్షపండ్లతో. చక్కెర జబ్బుతో చావు దాకా వెళ్ళిన పిల్లకు ద్రాక్షపండ్లు. మంచం పక్కన నిలబడి, "మీరు కడ్డీని ఎడమపక్కకు తిప్పినారేమో వదినా. కుడిపక్కకే తిప్పాల. చెప్పినాను గదా" అన్నాడు.

నేను నాయన వైపు చూశాను. ఇప్పుడైనా ఏదో ఒకటి అంటాడని. ఆయన "ఏమోప్పా. అన్నం తినొచ్చినావా?" అన్నాడు. దాయాది మరి. రేపు పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎదురుపడాలి. మా మనుషుల మర్యాద ఎంత గొప్పదంటే, దాని చాటున ఎవరైనా ఏమైనా అమ్ముకోవచ్చు. అమ్మిన వాడికి అన్నం కూడా దొరుకుతుంది. ద్రాక్షపండ్లు నేను తీసుకెళ్ళి నర్సులకు ఇచ్చేశాను. నేను చేయగలిగింది అప్పటికి అంతే.

కడ్డీ ఇప్పుడు అవ్వ దగ్గర ఉంది. రోట్లో తమలపాకు, వక్క దంచుకుంటోంది. "క్వింటాల్ బరువు లేకపోయినా గట్టిదేరా" అంటుంది చూసినవాళ్ళతో.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు, మేడ మీద వడియాలకు కాపలా కూర్చున్నప్పుడు చెల్లెలు అడిగింది. "అక్కా, ఆ క్వాంటం అనేది నిజంగా ఉండాదా? లేకపోతే అదీ దొంగమాటేనా?"

ఆ ప్రశ్న నన్ను ఆస్పత్రి కంటే ఎక్కువ బాధపెట్టింది. ఇంత జరిగాక మా ఇంట్లో ఆ మాటంటే మోసం. నా ఆదివారాలన్నీ, ఆ కింది అర పుస్తకమంతా మోసం. పాలను కల్తీ చేసినవాడు పాలను మాత్రమే పాడుచేయడు. ఆ తర్వాత మంచి పాలను కూడా ఎవరూ నమ్మరు. చెల్లెలికి నాకు తెలిసిందంతా చెప్పాను. ఎంజైముల గురించి, గోడకు అవతల తేలే కణం గురించి, పక్షుల గురించి. మొదటిసారి నోటితో, ఒక మనిషికి. మడత దగ్గరికొచ్చేసరికి ఆగాను.

"దాంట్లో క్వాంటం ఉండాదా లేదా?"

"ఉండొచ్చు, లేకపోవచ్చు. ఇంకా తేలలేదు."

"ఇంత చదివి తెలీదంటావేమక్కా? ఆయన చూడు, ఎంత బాగా చెప్పినాడో."

"అదే గదా నిన్ను పడుకోబెట్టింది."

చెల్లెలు ఒక వడియం విరిచి నోట్లో వేసుకొని ఆలోచించింది. "అయితే నువ్వు తెలీదన్నప్పుడే నమ్మాలన్నమాట" అంది. నాకు ఎవరైనా ఇచ్చిన బిరుదుల్లో అదొక్కటే నిలబడేది.

మొన్న శుక్రవారం క్యారియర్ తీసుకొని కొట్టుకు వెళ్ళాను. అమ్మ కూడా అక్కడే ఉంది. చీరలకు వచ్చినవాళ్ళు కూర్చొని ఉన్నారు. చెల్లెలు సీసా తీసుకొని మామూలుగా గోడౌన్ వైపు నడిచింది. నాయన చీర మడుస్తూ తలెత్తకుండానే, "ఈడనే ఏసుకో. ఆ మూటల సందులో వెలుగు ల్యాదు" అన్నాడు. అమ్మ కంగారుగా వచ్చినవాళ్ళ వైపు చూసింది. చెల్లెలు ఒక్క క్షణం ఆగి, పరుపు అంచున కూర్చొని, పక్కకు తిరిగి పొట్ట దగ్గర పొడుచుకుంది.

పచ్చచీర కట్టుకున్న ఒకావిడ చూస్తూనే ఉంది. "అదేం మందు?" అంది.

"చల్లమందు" అంది అమ్మ.

"ఇన్సులిన్" అన్నాడు నాయన. ఆ మాట ఆయన నోట నేను అదే మొదటిసారి వినడం. ప్రతి అక్షరం విడివిడిగా, కొత్త ధర చెప్పినట్టు చెప్పాడు.

ఆవిడ చీరను ఒళ్ళోంచి పక్కకు పెట్టింది. "మా అన్న బిడ్డకూ ఇట్లాంటి సూదులే. శానా చిన్నపిల్ల. మొన్న ఎవరో వచ్చి ఏదో కడ్డీ ఇచ్చిపోయినారు. నీళ్ళలో తిప్పి తాగితే సరిపోతాదంట."

చిన్నాయన స్టూలు ఉండే మూల ఖాళీగా ఉంది. చేతిలో క్యారియర్ కింద పెట్టి, ఆమె పక్కన, పరిచిన చీరల మీదే కూర్చున్నాను.

"అమ్మా" అన్నాను, కొట్లో అందరికీ వినబడేంత గట్టిగా. "ఆ పాపకు సూదులు వేస్తాండారా, ఆపినారా?"